మీది దిక్కు

మూసీకి తుగ్యానీ వచ్చి పట్నం సగం కొట్టుకుపోయిన అరవై ఆరేళ్లకు, భాద్రపద మాసంలో, నానక్‌రామ్‌గూడ నీరటి ఐలయ్య పొద్దు గుంకడానికి గంట ముందు చెరువు కట్ట ఎక్కాడు. ఏళ్లను వరదతో లెక్కపెట్టడం అతని తల్లి బుచ్చమ్మ నేర్పింది. ఆమె లెక్కలో పెద్దోడు ఐలయ్య తుగ్యానీ పోయిన పద్దెనిమిదేళ్లకు పుట్టాడు, చిన్నోడు రామచంద్రం ఇరవై నాలుగేళ్లకు. ఆ లెక్కలోనే అరవై ఒకటో ఏట ఆమె చనిపోయింది. అరవై రెండో ఏట పట్నం పెద్ద దవాఖానలో ఐలయ్య కడుపు కోశారు. నీరటి అంటే చెరువు తూము తీసి ఎవరి మడికి ఎంత నీరో పంచేవాడు. తండ్రి చేసిన పని అదే, తాత చేసిన పని అదే. ఇవాళ సాయంత్రం కూడా కింది మళ్లకు నీళ్లు వదలాలి, వంతు ఉంది. వదిలాక ఇంటికి పోవద్దని అనుకుని వచ్చాడు. తూము దగ్గర నీళ్లు రెండు నిలువులున్నాయి. రేపు పొద్దున చూసినవాళ్లు, పాపం, తూము తీయబోయి కాలు జారాడు అనుకుంటారు. నీరటోడు చెరువులో పోవడం వింతేం కాదు. పెళ్లాం నీలమ్మ ఒక్కసారి ఏడుస్తుంది. ఒక్కసారే.

కట్ట ఎక్కేసరికే గొంతులోకి వచ్చింది. ఎక్కినా వస్తుంది, వంగినా వస్తుంది, చెప్పు తొడుక్కోబోయినా వస్తుంది. ముందు ఒక పుల్లటి తేపు, దాని వెనక బొడ్డు మీదినుంచి పాము పాకినట్టు సన్నటి మంట, ఆ వెనక చేదు పసరు, వేపాకు నూరి గొంతులో పోసినట్టు. ఉమ్మాడు. పచ్చగా పడింది. తూముకు అటూ ఇటూ నిలబెట్టిన రెండు రాతి స్తంభాల పక్కన, తాతల నాటినుంచి కూర్చుని కూర్చుని నున్నబడ్డ బండ ఉంది. దాని మీద కూర్చున్నాడు. మంట దిగనీ, అప్పుడు లేద్దాం. చావబోయేవాడు కూడా మంట దిగేదాకా ఆగాలి చూడు, అనుకున్నాడు. నవ్వు రాలేదు. చెరువు నిండుగా ఉంది, మత్తడి దూకి పొర్లడానికి జానెడు తక్కువ. గోలకొండ దిక్కున మబ్బు దిగి కోట కనబడటం లేదు. గాలి లేదు. నీళ్లు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. కడుపు కూడా ఒకప్పుడు ఇట్లాగే ఉండేది, నిండితే నిండినట్టు, చప్పుడు లేకుండా. కాలువ పండుకున్న మనిషిరా అనేవాడు నాయన. తూము దాని నోరు, మొదటి మడి దగ్గర మెడ, నడుమ బొడ్డు, చివరి మడి దగ్గర కాళ్లు. 'నోట్ల పోసిన నీళ్లు కాళ్లదాంక పోవాలె. నడుమల ఆగితే నీరటోని తప్పు.' నాయనకు నేల వాలు చూపుకే తెలిసేది. చూపుకు అందని చోట నిమ్మకాయ దొర్లించి చూసేవాడు. ఊరందరికీ నాలుగు దిక్కులుంటే నీరటోళ్ల ఇంట్లో రెండే. నీళ్లు వచ్చేది మీది దిక్కు, నీళ్లు పోయేది కింది దిక్కు. గుట్టలు పడమర ఉన్నాయి కనుక పడమర ఎప్పటికీ మీది దిక్కే. కుండ ఎక్కడ పెట్టినవే అంటే మీది దిక్కు గోడకు అనేది అమ్మ. మేక ఎటు పోయిందంటే కింది దిక్కు. మాటలు వచ్చిననాటినుంచి ఐలయ్య అట్లాగే అన్నాడు, ఇంకోరకంగా అనొచ్చని అతనికి ఎన్నడూ తోచలేదు.

అమ్మ అన్నం పెట్టేది కాదు, కుమ్మరించేది. జొన్న గట్క ముద్ద పిల్లవాడి తలకాయంత ఉండేది. దాని నడుమ గుంట చేసి పప్పు పోసేది, కట్ట తెగకుండా తినాలె అనేది, తూము తీసినట్టు ఒక పక్కనుంచి. అట్లా తిని తిని పది మణుగుల మనిషి అయ్యాడు. లింగంపల్లి మిల్లులో ఒకసారి వడ్లు తూచే కాంటా మీద సరదాకు కూర్చోబెట్టి తూచారు, పది మణుగులు తేలింది, తూచినవాడు కాంటాకు దండం పెట్టాడు. ఐలయ్య వస్తున్నాడంటే బంతిలో ఇంకో బగోనా అన్నం దించేవాళ్లు. కోకాపేటకు బిడ్డనిచ్చినప్పుడు వియ్యంకులు పందెం కట్టి తలకాయ కూర పెట్టారు, మేక తలకాయలు రెండు, బగారన్నం సగం బగోనా. తిని లేచి చెయ్యి కడుక్కుని, అన్నం ఎప్పుడు పెడతారు అన్నాడు. ఆ మాట ఆ ఊళ్లో పదేళ్లు నడిచింది. వానాకాలం బిగుసుకుని తూము మూసే కర్ర దిగకపోతే నలుగురు కలిసి నొక్కే పని లేదు, ఐలయ్య ఎక్కి నిలబడితే చాలు, కర్ర చచ్చినట్టు దిగేది. ఇప్పుడు ఎక్కి నిలబడితే కర్రకు తెలియను కూడా తెలియదు. పది మణుగులు ఆరయ్యాయి. తొడలమీది తోలు పంచెలాగా వేలాడుతుంది. ఊళ్లో పిల్లలు మొదట్లో భయపడేవాళ్లు, తరవాత గుర్తుపట్టడం మానేశారు.

పుండు, అన్నారు. కడుపులో పుండు. నల్లటి రక్తం కక్కి కింద పడ్డనాడు ఎడ్లబండిలో వేసి రోడ్డుదాకా, అక్కడినుంచి లారీలో పట్నానికి తీసుకుపోయారు. సంచిలాంటి కడుపులో మూడో వంతు మిగిల్చి, మిగతాది కోసేసి, మిగిలినదాన్ని పేగుకు కుట్టారు. ప్రాణం నిలిచింది. నిలిచిన ప్రాణాన్ని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. గుప్పెడు తింటే బిగుస్తుంది. గుప్పెడు దాటితే చెమటలు, గుండె దడ, కళ్లముందు మిణుగురులు. బెల్లం నోట్లో వేసుకుంటే కాళ్లు వణుకుతాయి. కల్లు ముట్టరాదు, కారం ముట్టరాదు. ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పడుకోవడం. పొద్దంతా వంగితే వచ్చే మంట రాత్రి వంగకుండానే వస్తుంది. కన్ను మూతపడిన గడియకు పసరు గొంతు దాటి ముక్కులోకి ఎక్కుతుంది, ఊపిరి ఆగుతుంది, లేచి కూర్చుని, చెరువులో మునిగినవాడు తేలినట్టు, గాలికోసం నోరు తెరుస్తాడు. మునగడం అతనికి కొత్త కాదు. నాలుగేళ్లుగా రోజూ మునుగుతూనే ఉన్నాడు, తన మంచం మీద, తన పసరులో. ఇవాళ మునిగితే నీళ్లలో మునుగుతాడు. అంతే తేడా. నీళ్లు చల్లగా ఉంటాయి.

పొద్దున రామచంద్రం ఇంట్లో ఎల్లమ్మకు మొక్కు తీర్చుకున్నారు. యాటపోతును కోశారు. పోవద్దనుకున్నాడు, తమ్ముడు చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. బంతిలో కూర్చోబెట్టారు, పెద్దవాళ్ల వరసలో, ఎప్పుడూ కూర్చునే చోట. మోదుగ విస్తరి ముందు పరిచారు. ఐలయ్యకు బగోనాతోనే పెట్టుండ్రి అని ఎవరో అన్నారు, పాత మాటే, ప్రేమతోనే అన్నారు, అందరూ నవ్వారు, ఐలయ్య కూడా నవ్వాడు. 'ఒక్క ముద్ద అన్నా. ఎల్లమ్మది, కాదనొద్దు,' అన్నాడు రామచంద్రం. ఒక్క ముద్దే అనుకున్నాడు. కూరలో లవంగాలు, కారం, పైన తేలిన నెయ్యి, పక్కన పచ్చిపులుసు. నాలుకకు నాలుగేళ్ల ఆకలి గుర్తుకొచ్చింది. ఆ తరవాత చెయ్యి తనది కాదు. ఎన్ని ముద్దలో తెలియదు, పాత ఐలయ్య లోపలినుంచి వచ్చి కూర్చుని తిన్నాడు, గబగబా, ఎవరో లాక్కుంటారన్నట్టు. పక్కవాడు చెయ్యి ఆపి చూస్తున్నాడు. సంతోషంగా చూస్తున్నాడు, అరే మనిషి బాగయ్యాడే అన్నట్టు. అప్పుడు చెమట పట్టింది. లేవాలి. బంతి నడుమ లేవరాదు, పెద్దవాళ్లు లేచేదాకా ఒక్కడు లేచినా అందరి అన్నం ఎంగిలయినట్టే. పళ్లు బిగబట్టి, విస్తరి అంచు పట్టుకుని కూర్చున్నాడు. విస్తరి చినిగింది. వచ్చింది. తన విస్తరిలో, పక్కవాడి విస్తరిలో, ఎదుటి వరసదాకా. ఆడవాళ్లలోనుంచి నీలమ్మ పరుగెత్తుకొచ్చి కొంగుతోనే తుడిచింది, నేలా, అతని మూతీ, పక్కవాడి మోకాలూ. ముసలామె ఎవరో అంది: ఎల్లమ్మ తల్లికి కోపం వచ్చింది. నీలమ్మ లేచి నిలబడింది. 'అమ్మకు కోపం ఎందుకొస్తదే? నా మొగనికి కడుపే లేదు, కోసి పారేసిండ్రు, మీకెరుక లేదా? ఎరుకుండి పెడితిరి గదా!' అంతమంది ముందు ఆమె గొంతు అట్లా లేవడం అతను ఎప్పుడూ వినలేదు.

ఇద్దరూ ఇంటికి వచ్చారు. వాకిట్లో నీలమ్మ కొంగు ఉతుక్కుంటూ, గోడతో అన్నట్టు అంది. 'ఆ దవాఖానల్నే పోయినా ఒక్కపారే ఏడ్సి ఊకుందును.' అని నాలుక కరుచుకుంది. వెనక్కి తిరిగి చూసింది. ఐలయ్య గడపలో ఉన్నాడు, విన్నాడు. ఆమె కొంగు పిండుతూనే ఉండిపోయింది, నీళ్లన్నీ పోయినా పిండుతూనే. కోపం రాలేదు అతనికి. నిజమే అనిపించింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కట్ట మీదినుంచి తొందరగా ఇంటికి పోతే, మేకల కొట్టం వెనక నీలమ్మ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. దొంగలాగా. ఏం చేస్తుందా అని చూస్తే అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని తింటోంది, కళ్లు మూసుకుని, వేళ్లు నాకుతూ. ఇంట్లో కారం లేక ఎంతకాలమైందో అప్పుడు లెక్కకు వచ్చింది. ఆ వాసన అతనికి తగలరాదని తొక్కు కుండ మేకల దగ్గర దాచుకుంది. చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి మళ్లీ కట్ట మీదికే పోయాడు. ఆమె తినడం అయ్యేదాకా ఇదే బండ మీద కూర్చున్నాడు. తాను పోతే ఆ కుండ ఇంట్లోకి వస్తుంది. అది మాత్రం బాగుంటుంది.

మంట కొంచెం దిగింది. ఇంకా కాస్త ఉంది. దవాఖానలో చివరినాడు, పెద్ద డాక్టరు మంచం దగ్గర నిలబడి ఇంగ్లీషులో ఏదో అని పోయాడు. వెనక ఉన్న కంపౌండర్ దాన్ని తెలుగు చేసి చెప్పాడు. కొద్ది కొద్దిగ తిను. తిన్నంక నీళ్లు తాగకు. మంచానికి మీది దిక్కు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకో, పండుకుంటే మంట మీదికి రాదు. ఈ మందులు. అంతే, అవతలి మంచానికి పోయాడు. అన్నిట్లో ఐలయ్యకు బాగా అర్థమైంది ఇటుకల ముచ్చటే. వాలు పని, తన పని. ఇంటికి వచ్చిననాడే, కుట్లు ఇంకా లాగుతుంటే, ఇటుకలెందుకని మంచి నల్లరాళ్లు ఒక సైజువి ఏరి తెచ్చాడు. అమ్మ చెప్పినట్టు తూర్పున తల పెట్టి పడుకునే మంచం అది. పడమర తల పెడితే ఫికర్ పట్టుకుంటది బిడ్డా, ఉత్తరం పెడితే యముడు సూస్తడు. కనుక తల తూర్పున, కాళ్లు పడమర. మీది దిక్కు, పడమర దిక్కు, రెండు కోళ్లు ఎత్తి ఒక్కో రాయి పెట్టాడు. మంచం పట్టె మీద నిమ్మకాయ పెట్టి వదిలాడు. కాళ్ల దగ్గరినుంచి దొర్లి దొర్లి తలాపుకు వచ్చి ఆగింది. మంచి వాలు. నీలమ్మ చూసి, తల కిందికి అవుతుంది గదా అంది. 'డాక్టరు చెప్పిండు,' అన్నాడు. లోపలి పాడు నీరంతా కాలువలాగా బయటికి పారాలని కాబోలు, అనుకున్నాడు. పెద్దవాళ్లకు తెలుసు. తూము ఎందుకు ఈ వేళకే తీస్తావని ఎవరైనా నన్ను అడుగుతారా.

తగ్గకపోతే వాలు చాలలేదనుకున్నాడు. రెండో జత రాళ్లు పెట్టాడు. కొన్నాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయాడు, అప్పుడు కొంచెం నయంగానే ఉండేది. కానీ మెడ విరిగినట్టు అయ్యేది, పక్కకు ఒరిగి పడేవాడు. నీలమ్మ లేచి, డాక్టరు చెప్పినట్టు మంచం మీద పండుకో, సొంత తెలివి ఎందుకు అని లేపేది. మరుసటి ఏడు పట్నం పోయి చూపించుకున్నాడు. కొత్త డాక్టరు, పట్టాభిరామయ్య గారని కోస్తా ఆయన, నెమ్మదైన మనిషి, పొట్ట నొక్కి చూసి అడిగాడు. 'ఏమయ్యా, మంచం కింద ఇటుకలు పెట్టుకుంటున్నావా?' 'రెండేసి పెట్టిన సార్.' 'రెండేసా! శభాష్. చెప్పిన మాట వినేవాళ్లే తక్కువయ్యా. మరీ అంత బాధగా ఉందంటే మనసులో ఏదో దిగులు ఉండుంటుందయ్యా,' అని నీలమ్మ దిక్కు తిరిగి, 'ఈయన్ని కాస్త సంతోషంగా ఉంచమ్మా,' అన్నాడు. నీలమ్మ తల ఊపింది. లింగంపల్లి బస్సులో వచ్చేటప్పుడు ఆమె అతన్ని నవ్వించాలని చూసింది, ఏవేవో చెప్పింది. ఇంటికి వచ్చి మూడో జత రాళ్లు పెట్టాడు. అప్పటికి ఏరడానికి ఓపిక లేదు. చెరువు కట్టకు లోపలి పక్క పేర్చిన రాళ్లలోంచి రెండు పీకి తెచ్చాడు. నీరటోడు కట్ట రాయి పీకడం కంటే పాపం లేదు, అమ్మ ఉంటే చెయ్యి విరగ్గొట్టేది. ఆ రాళ్లు తీసిన బొంద ఇక్కడినుంచి కనబడుతుంది, అదిగో, తుంగ మొలిచింది. మూడు రాళ్ల ఎత్తున కాళ్లు, కింద తల. పడుకుంటే రక్తం చెవుల్లో కొట్టుకునేది. ఇంత చేసినా తగ్గలేదంటే ఇక రాత అనుకున్నాడు. మనిషి చేయవలసింది అంతా చేశాడు.

మంట దిగింది. లేచాడు. తూము కర్రను రెండు చేతులా పట్టి గుంజితే మొదటిసారి రాలేదు, రెండోసారి కూడా రాలేదు, మూడోసారి గుంజితే కర్ర లేచింది, దానితోపాటు మంట కూడా లేచింది. కింద నీళ్లు గుడగుడమని లోపలికి పోయే చప్పుడు. ఈ చప్పుడు అతనికి చిన్ననాటినుంచి ఇష్టం. కర్రను మేకుకు కట్టాడు. కట్ట అవతల కాలువలో నీళ్లు తెల్లగా నురుగుతో బయటపడ్డాయి. పని అయిపోయింది. అంగీ విప్పి మడిచి బండ మీద పెట్టాడు. అంగీ దొరికితే తొందరగా వెతుకుతారు, నీలమ్మకు రాత్రంతా ఎదురుచూపు ఉండదు. కాలు ఒక మెట్టు కిందికి, నీళ్లలో పెట్టాడు. చల్లగా ఉంది. ఇంకో మెట్టు. మోకాళ్లు. నాచు కాలికింద జారుతోంది. ఇంకో మెట్టు అంటే చాలు.

'ఓ ఐలన్నా! ఐలన్నా ఓ!'

కట్ట కిందినుంచి రైతు రామన్న గొంతు. రామన్నది నడుమ మడి, ఊళ్లోకెల్లా తొందర మనిషి. నీళ్లు వంతుకు వచ్చినా రాకపోయినా అరుస్తాడు.

'నీళ్లు ఎన్కకు తంతున్నయే! నీ తూముకాడ కాలువ గట్టు తెగేటట్టున్నది! జర వచ్చి సూడే!'

గట్టు తెగడం. ఆ మాట వింటే నీరటోడి కాళ్లు ఆగవు. మోకాళ్లదాకా తడిసిన పంచెతో, అంగీ లేకుండా, ఐలయ్య కట్ట దిగాడు. నిజమే, తూము బయటి నోటి దగ్గర నీళ్లు ముందుకు పోకుండా సుడి తిరుగుతున్నాయి, వెనక్కి పొంగి గట్టు మీదికి ఎక్కుతున్నాయి. అడ్డం ఎక్కడో కింద ఉంది. గట్టు పట్టుకుని నడిచాడు. ఎవడి మీదో తెలియని కోపం, నాలుగేళ్లుగా ఎవరిమీదా చూపించలేక మింగిన కోపం, మంటతోపాటు పైకి వస్తోంది. నడుమ మడి దాటాక కాలువలో అడ్డంగా రాళ్లు, పెద్దవి, ఒకదానిమీద ఒకటి మూడు వరసలు, సందుల్లో బురద కూరి.

'ఎవడు పెట్టిండు గివి?'

'నేనే పెట్టిన,' అన్నాడు రామన్న, తల గోక్కుంటూ. 'నా మడి జర మిట్ట గదనే. కిందికెళ్లి ఎత్తు జేస్తే నీళ్లు నా దాంట్లకు ఎక్కుతయని. ఒక రాయికి ఎక్కలే. రెండు పెట్టిన. గప్పుడు గూడ ఎక్కకపోతే...'

'మూడోది పెట్టినవ్.'

'పెట్టిన.'

'ఏమన్న తెలివున్నదారా నీకు?' అన్నాడు ఐలయ్య. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. 'పండుకున్న మనిషికి కాళ్ల దిక్కు ఎత్తు జేస్తే కడుపుల నీళ్లు యాడికి పోతయ్? నోట్లెకే వస్తయ్! వస్తున్నయని ఇంకింత ఎత్తు జేస్తవా? ఊపిరి ఆడక సావాలెనా అది?'

'అబ్బో!' అన్నాడు రామన్న. 'నాలుగేండ్లకు నోరు ఇప్పినవ్. ఇప్పి తిట్టే తిట్టినవ్. సరె తీ, తీసేస్త.'

ఐలయ్య కదలలేదు. నోరు తెరిచే ఉంది. తానన్న మాట ఎవరో వెనకనుంచి అన్నట్టు వినబడింది. పండుకున్న మనిషి. కాళ్ల దిక్కు ఎత్తు. ఒక రాయి, రెండు రాళ్లు, మూడు. నల్లటి రాళ్లు, ఒక సైజువి. పట్టె మీద నిమ్మకాయ దొర్లుకుంటూ, దొర్లుకుంటూ, కాళ్ల దగ్గరినుంచి తలాపుకు.

'రామన్నా.'

'ఆఁ.'

'మంచానికి మీది దిక్కు అంటే ఏది?'

'గదేం మాటనే? తలాపు.'

'తలాపు.'

'మల్ల? కాళ్లు మీదుంటయా ఎవనికన్న? ఏమైందే నీకు, మొఖమంత గట్లయింది, అంగీ ఏది?'

తలాపు. కంపౌండర్ పట్నం మనిషి. అతనికి గుట్టలు తెలియవు, చెరువు తెలియదు, పడమర మీది దిక్కని తెలియదు. అతని మీది దిక్కు మంచం మీద ఉంది, మనిషి తలకాయ దగ్గర. అందరికీ అక్కడే ఉంది. ఊళ్లో ఒక్క నీరటోళ్ల ఇంట్లోనే అది పడమర ఉంది. ఎవరైనా వేరేవాడు చేసి ఉంటే వాడిని తిట్టుకునేవాడు, డాక్టరు తప్పుగా చెప్పి ఉంటే పోయి మెడ పట్టుకునేవాడు. ఎవరూ లేరు. ఏరి తెచ్చింది ఈ చేతులే, కట్ట రాయి పీకింది ఈ చేతులే. వాలు చూసే వంశంలో పుట్టినవాడు, నిమ్మకాయ దొర్లించి చూసి మరీ, బాగుంది అనుకుని, రోజూ దీపం ఆర్పి, తన నోట్లోకి తానే తూము తీసుకుని పడుకున్నాడు. శభాష్ అన్నాడు పట్టాభిరామయ్య. తల కిందికి అవుతుంది గదా అంది నీలమ్మ, మొదటినాడే అంది, ఒక్క చూపుకు. గోడకు కూర్చుంటే నయంగా ఉన్నప్పుడన్నా తట్టలేదు. నాలుగేళ్లు. వెయ్యి మీద నాలుగు వందల రాత్రులు. మేకల కొట్టం వెనక తొక్కు కుండ. గట్టు మీద కూలబడ్డాడు, బురదలోనే, మోకాళ్ల నడుమ తల పెట్టుకున్నాడు, వంగినందుకు మంట వచ్చింది, రానీ అనుకున్నాడు. ఏడుపు ఏడుపులాగా రాలేదు, దగ్గులాగా వచ్చింది. రామన్న కాలువలోకి దిగి తన రాళ్లు ఒక్కొక్కటి తీసి అవతల వేయసాగాడు. మూడోది తీయగానే నిలిచిన నీళ్లు ఒక్కసారి కదిలాయి. చిన్న చప్పుడు చేసి, చెత్తను నెట్టుకుంటూ, కాళ్ల దిక్కు పోయాయి. ఐలయ్య తల ఎత్తి అవి పోయేదాకా చూశాడు.

తూము మూసే వేళయ్యేదాకా గట్టు మీదే ఉన్నాడు. మూశాక బండ మీది అంగీ తీసి తొడుక్కున్నాడు. చివరి మెట్టు నీళ్లకింద కనబడీ కనబడకుండా ఉంది. దాన్ని ఒక గడియ చూసి ఇంటికి పోయాడు. నీలమ్మకు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు, రాళ్లు జరపడానికి ఓపిక లేదు. తలకింది మెత్తను మాత్రం తూర్పునుంచి తీసి పడమరకు వేసుకున్నాడు. అమ్మ తిట్టినా సరే, ఒక్క రాత్రి.

తెల్లారి ఎండ గడప దాటింది. నీలమ్మ రోజూ అతని దగ్గుకు లేచేది, ఆనాడు దగ్గు లేక పొద్దెక్కేదాకా పడుకునే ఉండిపోయింది. ఉలిక్కిపడి లేచి చూస్తే మనిషి పడమర తల పెట్టి, నోరు తెరుచుకుని, కదలకుండా ఉన్నాడు. దగ్గరికి రావడానికి భయపడి అక్కడే నిలబడింది, తరవాత వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఐలయ్య కళ్లు తెరిచాడు.

'ఉన్న,' అన్నాడు.

'ఉంటే కదలొద్దా!' అని ఆమె మంచం పక్కనే కూలబడింది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది. 'నిన్న నేనన్న మాట... ఆ మాట పట్టుకోని ఏమన్న...' అని ఆగింది. తరవాత, 'పడమర తల పెడితివేంది? మీ అమ్మ సూస్తే ఊకుంటదా?'

'ఊకోదు,' అన్నాడు.

లేచి మంచం ఖాళీ చేశాడు. పడమర కోళ్లు ఒక్కొక్కటి ఎత్తి పట్టమన్నాడు, ఆమె పట్టింది, రాళ్లన్నీ తీశాడు. మొదటి రెండు జతలు తూర్పు కోళ్ల కింద పెట్టాడు. మెత్త తెచ్చి తూర్పున వేశాడు. గూట్లోంచి నిమ్మకాయ తీసి తలాపున పట్టె మీద వదిలాడు. అది దొర్లి కాళ్ల దిక్కు పోయి, పట్టె దాటి నేల మీద పడింది. నీలమ్మ నిమ్మకాయను చూసింది, రాళ్లను చూసింది, అతని ముఖం చూసింది. 'అంటే...' అంది. 'అంటే నాలుగేండ్లసంది...' నిన్న ఉతికిన కొంగు నోట్లో కుక్కుకుని గోడ దిక్కు తిరిగింది. భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఐలయ్య చూడలేదు.

మిగిలిన రెండూ కట్ట రాళ్లు. ఒకటి తల మీద పెట్టుకుని చెరువుకు పోయాడు. కట్ట లోపలి పక్కకు దిగి, తుంగ పీకేసి, రాయి తీసిన బొందలో దాన్ని పెట్టి, కదలకుండా చుట్టూ బురద కూరాడు. వంగినందుకు మంట వచ్చింది, వెనక చేదు పసరు వచ్చింది. ఉమ్మాడు. నోరు పుక్కిలించి, రెండో రాయి కోసం ఇంటికి పోయాడు.